‘సరిపోతుందిలే’ అనుకున్న చోటే ఇంజన్ ఆగుతుంది

చిన్న విమానం ఏదో పొలంలో దిగిందన్న వార్త వస్తే మొదటి వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇంజన్ ఆగిపోవడంతో పైలట్ అత్యవసరంగా దించాడు. చదివినవాళ్ళు యంత్రం మొరాయించిందనుకుంటారు. విమానం పాతదేమో, మెకానిక్ సరిగా చూడలేదేమో అనుకుని ఊరుకుంటారు. ఏడాదికో ఏడాదిన్నరకో దర్యాప్తు నివేదిక వస్తుంది. అప్పటికి దాన్ని తెరిచి చూసేవాళ్ళు ఉండరు. అలాంటి నివేదికలు నేను చాలా చదివాను. వాటిలో పదే పదే కనిపించే సంగతి ఒకటుంది. ఇంజన్‌లో ఏ లోపమూ లేదు. దానికి పెట్రోల్ అందలేదు, అంతే.

అమెరికాలో రవాణా ప్రమాదాలను దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ, 2011 నుంచి 2015 దాకా జరిగిన చిన్న విమానాల ప్రమాదాలను పరిశీలించి పైలట్లకు ఒక హెచ్చరిక విడుదల చేసింది. ఇంధనం విషయంలో జరిగిన పొరపాట్ల వల్ల ఏటా సగటున 50కి పైగా ప్రమాదాలు జరిగాయి. వాటిలో యంత్ర లోపం కారణమైనవి 5 శాతం లోపే. మిగిలిన 95 శాతం దాకా పైలట్ చేసిన పనో, చేయని పనో కారణం. ఎక్కువ భాగం పట్టపగలు, వాతావరణం బాగున్నప్పుడే జరిగాయి. నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన అంకె ఇంకొకటి ఉంది. ఆ పైలట్లలో దాదాపు సగం మందికి కమర్షియల్ లైసెన్సో, విమానయాన సంస్థల్లో నడిపేవాళ్ళకు ఉండే పైస్థాయి లైసెన్సో ఉంది. శిక్షణలో ఉన్న విద్యార్థులు 2 శాతమే.

అంటే ఇది తెలియనివాళ్ళు చేసే తప్పు కాదు. ట్యాంకులో ఎంత పడుతుందో, గంటకు ఎంత ఖర్చవుతుందో ఈ పైలట్లందరికీ నోటికి వచ్చు. పరీక్ష పెడితే అందరూ పాసవుతారు. అందుకే ఈ సమస్య వచ్చినప్పుడల్లా ‘శిక్షణ పెంచాలి’ అనేవాళ్ళతో నేను ఏకీభవించలేను. నా వాదన వేరు. ఇంధనం గురించిన నిర్ణయం గాల్లో తీసుకోకూడదు. ఎక్కడ దిగిపోవాలి, ఏ నిమిషానికి దిగిపోవాలి అన్నది నేల మీద ఉన్నప్పుడే, మనసు నిలకడగా ఉన్నప్పుడే కాగితం మీద రాసిపెట్టుకోవాలి. గాల్లో చేయాల్సింది ఆ కాగితంలో ఉన్నదాన్ని పాటించడం ఒక్కటే.

ఎందుకో చెప్పడానికి ఒక లెక్క చూపిస్తాను. సెస్నా 172ఎస్ తీసుకోండి. రెండు రెక్కల్లోనూ కలిపి 56 గాలన్లు పడుతుంది. అందులో ఇంజన్ వాడుకోగలిగింది 53 గాలన్లు, అంటే దాదాపు 200 లీటర్లు. మనుషులూ సామానూ ఉన్నాయి కాబట్టి బరువు దాటకుండా వాడుకోగలిగే పెట్రోల్ 40 గాలన్లే పోశామనుకుందాం. వెళ్ళాల్సింది 360 నాటికల్ మైళ్ళు. విమానం వేగం 120 నాట్లు, అంటే గంటకు 120 నాటికల్ మైళ్ళు. గంటకు 10 గాలన్లు తాగుతుంది. స్టార్ట్ చేసి, రన్‌వే దాకా నడిపి, పైకెక్కడానికి అదనంగా రెండున్నర గాలన్లు తీసేయండి. మిగిలిన 37.5 గాలన్లతో 3 గంటల 45 నిమిషాలు ఎగరొచ్చు. ప్రయాణం 3 గంటలు. దిగేసరికి ఇంకా 45 నిమిషాలకు సరిపడా పెట్రోల్ ఉంటుంది. అమెరికా నిబంధనల ప్రకారం కంటిచూపు మీద ఎగిరేటప్పుడు పగలు 30 నిమిషాలకు, రాత్రి 45 నిమిషాలకు సరిపడా రిజర్వు చూసుకుని బయల్దేరాలి. ఆ లెక్కన చట్టం దృష్టిలో ఇది చక్కటి ప్రయాణం.

ఇప్పుడు 20 నాట్ల ఎదురుగాలి పెట్టండి. ఇది పెద్ద గాలేమీ కాదు, చాలా రోజుల్లో మామూలుగా ఉండేదే. నేల మీద మన వేగం 100 నాట్లకు పడిపోయింది. ప్రయాణం 3 గంటల 36 నిమిషాలైంది. ఇంజన్‌కు ఎదురుగాలి సంగతి పట్టదు, గంటకు తాగేది తాగుతూనే ఉంటుంది. దిగేసరికి మిగిలేది 9 నిమిషాల పెట్రోల్. దానికి తోడు పైలట్ మిక్స్చర్, అంటే గాలిలో కలిసే పెట్రోల్ పాలు, సరిగా తగ్గించలేదనుకోండి. ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి పెట్రోల్ పాలు కూడా తగ్గించాలి. విమానం తయారుచేసిన కంపెనీ పుస్తకంలో ఇచ్చే ఖర్చు లెక్కలన్నీ అలా తగ్గించినప్పటివే. మిక్స్చర్‌ను మార్చే ఎర్ర పిడిని లోపలికి నెట్టి అలాగే వదిలేసినవాడికి ఆ లెక్కలు వర్తించవు. గంటకు 10 బదులు 12 గాలన్లు ఖర్చయితే 37.5 గాలన్లు 3 గంటల 7 నిమిషాలకే అయిపోతాయి. అప్పటికి విమానం గమ్యానికి ఇంకా 48 నాటికల్ మైళ్ళ ఇవతల ఉంటుంది.

ఇందులో ఎవరూ ఘోరమైన తప్పు చేయలేదని గమనించండి. ఒక మామూలు గాలి, ఒక చిన్న అలవాటు. విడివిడిగా చూస్తే రెండూ పట్టించుకోనక్కర్లేనివే. కలిస్తే విమానం ఊరికి దూరంగా నేలకు దిగుతుంది.

అసలు విషయం ఇప్పుడు చూడండి. మిక్స్చర్ సంగతి పక్కనపెట్టి ఎదురుగాలి ఒక్కటే ఉందనుకుందాం. గంట గడిచేసరికి పైలట్‌కు తెలిసిపోతుంది, 120 మైళ్ళు రావాల్సింది 100 మైళ్ళే వచ్చామని. ఇంకా 260 మైళ్ళుంది, అంటే 2 గంటల 36 నిమిషాలు. ట్యాంకుల్లో ఉన్నది 27.5 గాలన్లు, 2 గంటల 45 నిమిషాలకు సరిపోతుంది. ఆ క్షణాన గేజ్‌లు సగానికి పైనే చూపిస్తుంటాయి, ఇంజన్ హాయిగా తిరుగుతుంటుంది, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. భయపడాల్సింది ఏదీ కంటికి కనిపించదు. కానీ దిగిపోవాలన్న నిర్ణయం తీసుకోవాల్సింది అప్పుడే. మనిషి మనసు మాత్రం అప్పుడు బేరం మొదలుపెడుతుంది. ముందుకెళ్తే గాలి తగ్గుతుందేమో చూద్దాం అంటుంది. ఇంకో అరగంట చూసి అప్పుడు నిర్ణయిద్దాం అంటుంది. అక్కడ మనకోసం ఎదురుచూస్తున్నారు కదా అంటుంది. మధ్యలో దిగితే గంట పోతుంది, చీకటి పడుతుంది అని గుర్తుచేస్తుంది. ఒక్కో మాటా విడిగా వింటే సబబుగానే ఉంటుంది. అరగంట అయ్యాక మళ్ళీ అవే మాటలు. దాటి వచ్చిన ఒక్కో రన్‌వే వెనకబడుతుంటే చేతిలో ఉన్న దారులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. చివరి 60 మైళ్ళలో గేజ్ సూది ఎర్రగీత దగ్గర ఊగుతున్నప్పుడు నిజంగా టెన్షన్ మొదలవుతుంది. అప్పటికి తీసుకోవడానికి నిర్ణయమంటూ ఏమీ మిగలదు.

ఈ బేరంలో పైలట్ గెలవలేడు, ఎందుకంటే రెండు వైపులా కూర్చున్నది తనే. అందుకే బేరానికే తావు ఇవ్వకూడదంటాను. నేను బయల్దేరే ముందు మోకాలికి కట్టుకునే పలకకు పెట్టుకునే కాగితం మీద ఒక టైము రాస్తాను. ఆ టైముకు ఫలానా చోటు దాటి ఉండాలి. దాటకపోతే ఫలానా రన్‌వేలో దిగి పెట్రోల్ పోయించుకోవాలి. ఆ రన్‌వే పేరు, అక్కడ పెట్రోల్ దొరికే వేళలు కూడా అక్కడే రాస్తాను. రన్‌వే ఉంటే చాలదు, మనం దిగే వేళకు బంకు మూసి ఉంటే ఇబ్బందిలో మార్పేమీ ఉండదు. ఇంకో నియమం, దిగేసరికి ట్యాంకుల్లో ఒక గంటకు సరిపడా పెట్రోల్ ఉండి తీరాలి. పగలైనా రాత్రైనా అంతే. ఆ గంట నా లెక్కలో లేనట్టే. పైన చెప్పిన ప్రయాణానికి ఇది వర్తింపజేస్తే, గాలి లేకపోయినా 45 నిమిషాలే మిగులుతుంది కాబట్టి అది నేల మీదే ఆగిపోతుంది, లేదా మధ్యలో ఒక చోట దిగేలా మొదటి నుంచే ప్లాన్ చేసుకోవాల్సి వస్తుంది.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. గంట రిజర్వు అంటే మాటలా, అంత బరువు మోయాలి కదా అంటారు. నిజమే. ఏవ్‌గ్యాస్, అంటే చిన్న విమానాల్లో పోసే పెట్రోల్, గాలన్ దాదాపు ఆరు పౌన్లు తూగుతుంది. నాలుగు సీట్ల విమానాల్లో చాలావాటిలో ట్యాంకులు నిండా పోసి నలుగురు పెద్దవాళ్ళను, సామానును ఎక్కిస్తే అనుమతించిన బరువు దాటిపోతుంది. కాబట్టి ‘ఎప్పుడూ ట్యాంకులు నింపుకోండి’ అనే సలహా నేను ఇవ్వను. బరువు దాటిన విమానం చిన్న రన్‌వే చివర చెట్ల మీదుగా లేవలేకపోతే అదీ ప్రాణాంతకమే. కానీ ఈ ఇరకాటం నుంచి బయటపడే దారి రిజర్వు కోసెయ్యడం కాదు. ఒక మనిషిని దింపండి, సామాను తగ్గించండి, లేదా మధ్యలో ఒకసారి ఆగండి. మనుషులూ సామానూ కళ్ళ ముందు ఉంటారు, వద్దని చెప్పడానికి మొహమాటం అడ్డొస్తుంది. పెట్రోల్ రెక్కలో కనిపించకుండా ఉంటుంది. అందుకే ప్రతిసారీ కోత దానికే పడుతుంది.

గేజ్‌లు ఉన్నాయి కదా అని అడిగేవాళ్ళకు ఒక మాట. కారు నడిపే అలవాటుతో మనం పెట్రోల్ గేజ్‌ను నమ్ముతాం. విమానం రెక్కలో ట్యాంకు పలచగా, వెడల్పుగా ఉంటుంది. చాలా పాత విమానాల్లో అందులో తేలే బిరడా లాంటి ఫ్లోట్ ఒకటి, దానికి కట్టిన తీగ ఒకటి ఉంటాయి. కుదుపులకూ వంపులకూ పెట్రోల్ అటూ ఇటూ కదులుతుంటే ఫ్లోటూ కదులుతుంది, సూది ఆడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి భాగాలు అరుగుతాయి. వాడుకోలేని అడుగు పెట్రోల్ మాత్రమే మిగిలినప్పుడు గేజ్ సున్నా చూపించేలా అమర్చాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. దాన్ని పట్టుకుని ‘సున్నా దగ్గర తప్ప ఎక్కడా నిజం చెప్పక్కర్లేదు’ అని పైలట్ల మధ్య ఒక మాట తిరుగుతుంటుంది. అది తప్పు. గేజ్ పనిచేయాలి, పనిచేయకపోతే బాగుచేయించాలి. అయినా ప్రయాణం లెక్కను దాని మీద ఆధారపడి వేయకూడదు. గేజ్ ఎక్కువ చూపిస్తే నమ్మకండి, తక్కువ చూపిస్తే మాత్రం నమ్మండి. మన లెక్క ప్రకారం ఉండాల్సినదానికంటే సూది కిందికి పడితే ఎక్కడో కారుతోందనే అనుకోవాలి. ట్యాంకు మూత సరిగా పడకపోతే, ఎగిరేటప్పుడు రెక్క పైభాగంలో ఏర్పడే అల్పపీడనం పెట్రోల్‌ను బయటికి లాగేస్తుంది. లోపల కూర్చున్నవాళ్ళకు అది కనిపించకపోవచ్చు.

నమ్మదగింది డిప్‌స్టిక్. మూత తీసి, ఆ విమానానికే గుర్తులు పెట్టిన కర్ర ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో కళ్ళతో చూడాలి. వేరే మోడల్ కర్ర పనికిరాదు. విమానం నిలబెట్టిన నేల వాలుగా ఉంటే కొలత తప్పుతుంది, అందుకని చదునైన చోట చూడాలి. కొత్త విమానాల్లో ఇంజన్‌కు వెళ్ళే ప్రతి చుక్కనూ లెక్కపెట్టే ఫ్యూయల్ కంప్యూటర్ ఉంటుంది. చాలా మంచి పరికరం, ఖర్చు రేటు విషయంలో దానికి సాటి లేదు. కానీ మొదట్లో ట్యాంకులో ఎంత ఉందో దానికి చెప్పేది మనమే. 40 ఉండగా 50 అని నొక్కితే అది చివరిదాకా ఆ పది గాలన్లను నమ్ముతూనే ఉంటుంది. మూతలోంచి కారిపోయినది కూడా దానికి తెలియదు.

ఇంకో రకం ప్రమాదం ఉంది. ఇది నాకు మరీ బాధ కలిగిస్తుంది. ట్యాంకులో పెట్రోల్ ఉండగానే ఇంజన్ ఆగడం. ఎన్‌టీఎస్‌బీ చూసిన ఇంధన ప్రమాదాల్లో సగానికి పైగా పూర్తిగా పెట్రోల్ అయిపోయినవే. కానీ మూడో వంతుకు పైగా ప్రమాదాల్లో విమానంలో పెట్రోల్ ఉంది, ఇంజన్‌కు చేరలేదు. ఒక రెక్క ఖాళీ అయింది, రెండో రెక్క నిండుగా ఉంది, ఏ ట్యాంకు నుంచి పెట్రోల్ రావాలో ఎంచే సెలెక్టర్ పిడిని ఎవరూ తిప్పలేదు.

సెస్నా 172లో రెక్కలు పైన ఉంటాయి, పెట్రోల్ తన బరువుతోనే కిందికి దిగుతుంది, సెలెక్టర్‌లో రెండు ట్యాంకుల నుంచీ ఒకేసారి తీసుకునే స్థానం ఉంటుంది. పైపర్ చెరోకీ లాంటి కింది రెక్క విమానాల్లో పంపు పెట్రోల్‌ను పైకి లాగాలి. రెండు ట్యాంకులూ ఒకేసారి తెరిచి ఉంచితే, ఒకటి ఖాళీ అయినప్పుడు పంపు అందులోంచి గాలి పీల్చుకుంటుంది. అందుకే వాటిలో కుడి, ఎడమ అని రెండే స్థానాలు, మార్చే బాధ్యత పైలట్‌ది. మా దగ్గర శిక్షణ ఇచ్చే ఒక పెద్దాయన ఎగురుతుండగా ఉన్నట్టుండి చేత్తో సెలెక్టర్‌ను కప్పేసి, “ఏ ట్యాంకు మీద ఉన్నావు? ఎప్పుడు మార్చావు? ఇంకెంతసేపు వస్తుంది?” అని అడుగుతారు. మొదట్లో అందరూ తడబడతారు. అరగంటకోసారి ట్యాంకు మార్చి, మార్చిన టైము రాసుకునేవాళ్ళే తడుముకోకుండా చెప్పగలరు. ఆయన చెప్పే ఇంకో మాట కూడా అంతే ముఖ్యం. టేకాఫ్‌కు సరిగ్గా ముందు ట్యాంకు మార్చొద్దు. ఇంజన్‌ను ఏ ట్యాంకు మీద పరీక్షించావో ఆ ట్యాంకుతోనే లేవాలి. మార్చాల్సి ఉంటే ఎత్తులో ఉన్నప్పుడు, కింద దిగడానికి చోటు కనిపిస్తున్నప్పుడు, విద్యుత్ పంపు వేసి మార్చాలి.

ఇది ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి 1997 అక్టోబర్ 12న జరిగింది గుర్తుచేయాలి. గాయకుడు జాన్ డెన్వర్ ఆ రోజు సాయంత్రం కాలిఫోర్నియాలోని మాంటెరీ దగ్గర తను కొత్తగా కొనుక్కున్న లాంగ్-ఈజీ విమానంలో బయల్దేరాడు. ఆయన కొత్త పైలట్ కాదు, 2,700 గంటలకు పైగా ఎగిరిన అనుభవం ఉంది. లాంగ్-ఈజీ ఎవరికి వాళ్ళు ప్లాన్లు చూసి కట్టుకునే విమానం. అసలు ప్లాన్ ప్రకారం ట్యాంకు సెలెక్టర్ పైలట్ కాళ్ళ మధ్య ఉండాలి. దీన్ని కట్టినతను కాక్‌పిట్‌లోకి పెట్రోల్ గొట్టాలు రాకూడదని దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక గోడకు పెట్టాడు. ఏ వైపు తిప్పితే ఏ ట్యాంకో దాని మీద గుర్తు లేదు. పెట్రోల్ మట్టం చూసే గేజ్‌లు కూడా వెనకాలే. బయల్దేరే ముందు డెన్వర్, ఒక టెక్నీషియన్ కలిసి ఈ పిడి అందడం లేదన్న విషయం మాట్లాడుకున్నారు. పట్టకారు తగిలించి పొడవు పెంచడానికి ప్రయత్నించారు, కుదరలేదు. గాల్లో ఆటోపైలట్ వేసి, వెనక్కి తిరిగి మార్చుకుంటానన్నాడాయన. భుజం వెనక గేజ్‌లు చూసుకోవడానికి టెక్నీషియన్ ఒక చిన్న అద్దం ఇచ్చాడు. పెట్రోల్ పోయమంటారా అంటే, ఓ గంటసేపే ఎగురుతాను, అక్కర్లేదన్నాడు.

రన్‌వే మీద కొన్నిసార్లు దిగి లేచి, సముద్రం వైపు వెళ్ళాక, తక్కువ ఎత్తులో ఇంజన్ శబ్దం తగ్గడం చూసినవాళ్ళు విన్నారు. విమానం కుడివైపు ఒరిగి ముక్కు కిందికి పెట్టి నీళ్ళలో పడింది. ఎన్‌టీఎస్‌బీ తేల్చిందేమిటంటే, ఆ పిడిని అందుకోవడానికి శరీరం మొత్తం వెనక్కి తిప్పే ప్రయత్నంలో కుడికాలు తెలియకుండానే విమానాన్ని పక్కకు తిప్పే రడ్డర్ పెడల్‌ను నొక్కేసింది, విమానం అదుపు తప్పింది. బయల్దేరే ముందు పెట్రోల్ పోయించుకోకపోవడాన్ని కూడా కారణంగానే రాసింది. పిడి స్థానం, గుర్తులు లేకపోవడం, ఆ రకం విమానంలో ఆయనకు తగినంత అలవాటు లేకపోవడం దోహదం చేశాయంది. ఈ నివేదికలో నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది ఆ నేల మీది సంభాషణ. సమస్య ఏమిటో ఇద్దరికీ స్పష్టంగా తెలుసు. పట్టకారు పట్టుకుని దానితో కుస్తీ పట్టారు. కొంచెం పెట్రోల్ పోయించుకుని ఉంటే ఆ పిడిని ఆ సాయంత్రం ముట్టుకోవాల్సిన పనే పడేది కాదేమో.

పెట్రోల్ ఉన్నా, అందుతున్నా ఇంజన్ ఆగే సందర్భాలు లేవని కాదు. ట్యాంకు అడుగున నీళ్ళు చేరొచ్చు. అందుకే ఎగిరే ముందు అడుగు నుంచి కొంచెం తీసి గాజు కప్పులో చూస్తారు. ఇందులో ఒక మెలిక ఉంది. కప్పులోకి వచ్చింది మొత్తం నీళ్ళే అయితే రెండు పొరలు కనిపించవు, అంతా శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది. 100ఎల్‌ఎల్ అనే రకం ఏవ్‌గ్యాస్ నీలంగా ఉండాలి. ఆ నీలం కనిపించకపోతే, వాసన రాకపోతే ఆగిపోవాలి. తప్పు ఇంధనం పోయడం ఇంకొకటి. 1989లో ప్రఖ్యాత పైలట్ బాబ్ హూవర్ నడిపే, పిస్టన్ ఇంజన్లున్న ష్రైక్ కమాండర్ విమానంలో ఒక కుర్రాడు ఏవ్‌గ్యాస్ బదులు జెట్ ఇంధనం పోశాడు. లేచిన కాసేపటికే రెండు ఇంజన్లూ శక్తి కోల్పోయాయి. ఆయన విమానాన్ని కొండవాలులో దించి, అందులో ఉన్నవాళ్ళతో సహా బయటపడ్డాడు. ఆ తప్పు చేసిన కుర్రాణ్ణి దగ్గరికి తీసుకుని, మరుసటి రోజు తన విమానానికి నువ్వే ఇంధనం పొయ్యాలన్నాడు. జెట్ ఇంధనం గొట్టానికి వెడల్పాటి మూతి పెట్టి, చిన్న విమానం ట్యాంకు రంధ్రంలో పట్టకుండా చేసే ఏర్పాటు ఆ తర్వాత ఆయన పేరుతోనే ప్రచారంలోకి వచ్చింది.

కార్బ్యురేటర్ ఐస్ మాత్రం కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే అది వేసవిలో కూడా వస్తుంది. కార్బ్యురేటర్ ఇరుకు గొంతులో గాలి పీడనం తగ్గుతుంది, పెట్రోల్ ఆవిరవుతుంది, రెండూ కలిసి అక్కడి వేడిని బాగా లాగేస్తాయి. బయట 20 డిగ్రీలుండి గాలిలో తేమ ఎక్కువగా ఉంటే లోపల మంచు కట్టొచ్చు. దిగేటప్పుడు థ్రాటిల్ తగ్గించి ఉంచితే ఇంకా సులువుగా కడుతుంది. మొదటి సూచన చాలా చిన్నది, ఆర్‌పీఎం కాస్త తగ్గుతుంది. వేడిగాలి పిడి లాగితే కరిగిన నీళ్ళు ఇంజన్‌లోకి వెళ్ళి అది ఇంకా గరగరమంటుంది. సరిగ్గా అక్కడే కొందరు భయపడి పిడిని మళ్ళీ లోపలికి నెట్టేస్తారు. నెట్టకూడదు, ఓపిక పట్టాలి.

ఇక అన్నీ దాటి ఇంజన్ నిజంగానే ఆగిందనుకోండి. మొదట చేయాల్సింది వేగం చూసుకోవడం. 172ఎస్‌లో పూర్తి బరువుతో ఉంటే 68 నాట్లు పట్టుకోవాలి. ఆ వేగంతో వెయ్యి అడుగుల ఎత్తుకు దాదాపు ఒకటిన్నర నాటికల్ మైళ్ళు జారుతూ వెళ్ళొచ్చు. ఐదు వేల అడుగుల ఎత్తులో ఉంటే చేతిలో ఆరేడు నిమిషాలుంటాయి. అది చాలా పెద్ద సమయం, కంగారు పడకపోతే. దిగే చోటు ఎంచుకుని అటు తిరిగాక చేయి మొదట సెలెక్టర్ మీదికి వెళ్ళాలి. ట్యాంకు మార్చు, పంపు వెయ్యి, మిక్స్చర్ లోపలికి నెట్టు, కార్బ్యురేటర్ ఉన్న ఇంజనైతే దాని వేడిగాలి పిడి లాగు, ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు చూడు. ట్యాంకు మార్చిన వెంటనే ఇంజన్ అందుకోదు, గొట్టాల్లో చేరిన గాలి పోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సెకన్లలో చాలామంది లాభం లేదనుకుని మళ్ళీ ఖాళీ ట్యాంకుకు తిప్పేస్తారు. లేచిన కొద్దిసేపటికే, తక్కువ ఎత్తులో ఆగితే ఈ తతంగానికి టైము ఉండదు. వెనక్కి తిరిగి రన్‌వేకు రావాలన్న కోరికను చంపుకుని ఎదురుగా, లేదా కాస్త పక్కకు ఉన్న చోటే దించాలి. వెనక్కి తిరిగే ప్రయత్నంలో వేగం పోయి గింగిరాలు తిరుగుతూ పడటంతో పోలిస్తే, ముందున్న గతుకుల పొలంలో విమానం విరగ్గొట్టుకున్నా నడిచి బయటికి వచ్చే అవకాశమే ఎక్కువ.

ఆ స్థితి రాకముందే రేడియోలో నోరు విప్పడం గురించి కూడా చెప్పాలి. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర ఏవియాంకా 52 అనే పెద్ద విమానం పెట్రోల్ అయిపోయి కూలింది, 73 మంది చనిపోయారు. గాల్లో చాలాసేపు ఆపి ఉంచినా, పెట్రోల్ తక్కువగా ఉందని చెప్పారే గానీ అత్యవసర పరిస్థితి అని స్పష్టంగా ప్రకటించలేదు. కంట్రోలర్లకు తీవ్రత అర్థం కాలేదు. ఇప్పుడు అంతర్జాతీయ నియమాల్లో ఇందుకు కచ్చితమైన మాటలున్నాయి. ఇక ఏ ఆలస్యం జరిగినా రిజర్వులోకి పోతామనుకుంటే ‘మినిమమ్ ఫ్యూయల్’. రిజర్వు తినకుండా దగ్గరి రన్‌వేలో కూడా దిగలేమని తెలిస్తే ‘మేడే, మేడే, మేడే, ఫ్యూయల్’. చిన్న విమానాల పైలట్లు ఈ మాటలు అనడానికి వెనకాడతారు. తర్వాత సంజాయిషీ చెప్పుకోవాలేమో, పరువు పోతుందేమో అనుకుంటారు. ఆ భయాన్ని పోగొట్టడంలో తోటి పైలట్లకు పెద్ద పాత్ర ఉందని నా నమ్మకం. పెట్రోల్ కోసం మధ్యలో దిగి రెండు గంటలు ఆలస్యంగా వచ్చినవాణ్ణి చూసి క్లబ్బులో నవ్వితే, పక్కనుండి విన్న కొత్త పైలట్ ఇంకోసారి దిగడు.

దిగాక, ఇంజన్ ఆపాక చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉంటుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు. మళ్ళీ మూతలు తీసి, డిప్‌స్టిక్ ముంచి, ఎంత మిగిలిందో చూసి, మన లెక్క ప్రకారం ఎంత మిగలాలో పక్కన రాసుకోవడం. నేను ఎగిరే విమానంలో పుస్తకం చెప్పినదానికంటే గంటకు కొంచెం ఎక్కువే ఖర్చవుతుందని అలా రాసుకుంటూ పోతేనే తెలిసింది. ఇప్పుడు నా లెక్కలన్నీ ఆ అంకెతోనే వేస్తాను. రెండు అంకెల మధ్య తేడా మామూలుకంటే పెరిగిన రోజున, అది మూత దగ్గర కారుతోందా, మిక్స్చర్ వల్లనా, కొలతలో తప్పా అన్నది తేలేదాకా ఆ విమానాన్ని దూరప్రయాణానికి తీయను.